గోడలు లేని అంతస్తు, పట్టేసిన భుజం

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర కావస్తుండగా నేను మా పడకగది గోడకు ఎదురుగా నిలబడి, ఎడమచేతి వేళ్లను ఆ గోడ మీద మెల్లగా పైకి నడిపిస్తున్నాను. అప్పటికి నాలుగు నెలలుగా నా ఎడమ భుజం పట్టేసి ఉంది. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాల్లో ఇదొకటి: వేళ్లు ఎంత ఎత్తు దాకా వెళితే అక్కడ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసుకోవాలి. అంతకు ముందు వారం గీసిన గీతకు అరంగుళం పైన చూపుడువేలు ఆనించి, నొప్పిని ఓర్చుకుంటూ అంకెలు లెక్కపెడుతున్నాను. పదిహేనో పదహారో అంకె దగ్గర నా వేలి కింద గోడ సన్నగా వణికింది. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడలో మాకు తెలిసింది ఆ కొద్ది క్షణాలే.

మాది కింద పార్కింగు, పైన అయిదంతస్తులు ఉన్న అపార్ట్‌మెంటు. నేను మెట్లు దిగేసరికి సగం మంది పార్కింగులోనే, కార్ల మధ్య గుమిగూడి ఉన్నారు. పిల్లలను ఎత్తుకున్నవాళ్లు పిల్లర్లను ఆనుకుని నిలబడ్డారు. రోడ్డు మీదికి రమ్మని అందరినీ పిలిచాను. రెండో అంతస్తులో ఉండే పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు: "ఇంజినీరు గారూ, ఇక్కడే నయం కదండీ. మీద పడటానికి ఇక్కడ గోడలే లేవు."

ఆయన మాటలోని తర్కం ఎంత సహజమైనదో తలచుకున్నకొద్దీ నాకు దిగులు కలుగుతోంది. ఇరవై రెండేళ్లుగా భవనాల లెక్కలు కట్టడమే నా వృత్తి. మా భవనంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు గోడలు లేని ఆ అంతస్తేనని నాకు తెలుసు. అయినా ఆ సంగతిని నా పొరుగువారికి ఎన్నడూ విప్పి చెప్పలేదు. ఆ ఏడాది నా భుజం నాకు నేర్పిన దాన్నీ, నా వృత్తి అంతకు ముందే నేర్పిన దాన్నీ కలిపి ఒకచోట రాయాలని అప్పుడే అనుకున్నాను. నా అభిప్రాయం ఇది. బిగువు మంచిదా చెడ్డదా అని అడిగినంత కాలం మనం ఇళ్ల విషయంలోనూ, ఒంటి విషయంలోనూ పొరపాటు పడుతూనే ఉంటాం. పక్కనున్న దానితో పోలిస్తే అది ఎంత బిగువు, అక్కడ ఆగిపోయిన కదలిక ఎవరి మీదికి వెళుతుంది అన్నది అడగవలసిన ప్రశ్న.

గట్టి అనే ఒక్క మాట

తెలుగులో మనం 'గట్టి' అన్న ఒక్క మాటతో చాలా పనులు చేయించుకుంటాం. విరగనిది గట్టిది, గీత పడనిది గట్టిది, వంగనిది కూడా గట్టిదే. కట్టడాల లెక్కల్లో ఇవి మూడూ వేర్వేరు. ఎంత బరువుకు విరుగుతుందన్నది బలం. బరువు పడినప్పుడు ఎంత కదులుతుందన్నది బిగువు. పాఠ్యపుస్తకాలు దీన్ని దృఢత్వం అంటాయి, మా ఆఫీసుల్లో స్టిఫ్‌నెస్ అంటాం. నాకు బిగువు అన్న మాటే దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే కీళ్ల విషయంలో బిగుసుకుపోయింది అని మనం ఇప్పటికే అంటున్నాం. సుద్దముక్కకు బిగువు ఉంది, బలం లేదు. వంచబోతే వంగకుండానే రెండు ముక్కలవుతుంది. నవారు మంచానికి బిగువు తక్కువ, బలం ఎక్కువ; ముగ్గురు కూర్చుంటే జోలెలా దిగుతుంది, తెగదు.

ఈ వ్యాసమంతటికీ ఆధారమైన రెండు సూత్రాలను ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. ఒక ఇనుప కడ్డీ, ఒక రబ్బరు తాడు పక్కపక్కన వేలాడుతూ ఒకే బరువును మోస్తున్నాయనుకోండి. ఆ బరువు దాదాపు మొత్తం కడ్డీ మీదే పడుతుంది. అదే కడ్డీని, అదే తాడును ఒకదాని కింద ఒకటి కట్టి బరువు వేలాడదీస్తే, సాగేదంతా తాడే. పక్కపక్కన ఉన్నప్పుడు బరువు బిగువైన దాని మీదికి పోతుంది. ఒకదాని వెంట ఒకటి ఉన్నప్పుడు కదలిక లొంగే దాని మీదికి పోతుంది. మా పార్కింగుకూ, నా భుజానికీ ఇంతకు మించిన శాస్త్రం అక్కరలేదు.

కింది అంతస్తు చేసే పని

మా భవనంలో మొదటి అంతస్తు నుంచి పైకి, పిల్లర్ల మధ్య ఖాళీలన్నీ ఇటుక గోడలతో నిండి ఉన్నాయి. డిజైను చేసేటప్పుడు చాలామంది ఆ గోడలను బరువుగా మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. నిజానికి పిల్లర్ల చట్రం పక్కకు ఒరగబోయినప్పుడు ఆ గోడ మూలకు మూల అడ్డుపడి, చట్రాన్ని ఎన్నో రెట్లు బిగువుగా మారుస్తుంది. పార్కింగులో ఆ గోడలు లేవు. భూమి అడ్డంగా కదిలినప్పుడు పైన అయిదంతస్తులు ఒకే దిమ్మలాగా కలిసి కదులుతాయి, ఒరగడం మొత్తం కింది పిల్లర్ల మీద పడుతుంది. అక్కడి పిల్లరు పై అంతస్తుల పిల్లరు కంటే బలహీనంగా ఉండనక్కరలేదు, ఇంకా లావుగానే ఉండవచ్చు. ఆరు అంతస్తులు పంచుకోవలసిన కదలికను అదొక్కటే భరించవలసి రావడమే దాని కష్టం. మన భూకంప కోడ్ ఒక అంతస్తు పక్కకు ఒరగడానికి ఇచ్చే పరిమితి ఆ అంతస్తు ఎత్తులో 0.004 వంతు, అంటే మూడు మీటర్ల అంతస్తుకు 12 మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం అనుకోండి. ఇలా పై అంతస్తు కంటే బిగువు తక్కువైన దాన్ని మెత్తని అంతస్తు అంటాం; అది ఆ హద్దులో ఆగదు.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావరకు మా అపార్ట్‌మెంటు లాంటివే: కింద పార్కింగు, పైన ఇళ్లు. అప్పుడు నేను ఇంజినీరింగు విద్యార్థిని. కింది అంతస్తు కనిపించకుండా పోయి, మొదటి అంతస్తు బాల్కనీ నేల మీద కూర్చున్న ఫోటో ఒకటి పత్రికలో చూశాను. ఆ బాల్కనీ దండెం మీద బట్టలు ఇంకా ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. పై అంతస్తులకు ఏమీ కాలేదన్న సంగతిని అంత స్పష్టంగా చెప్పిన చిత్రాన్ని మళ్లీ చూడలేదు.

తరువాత 2002లో సవరించిన ఐఎస్ 1893, అంటే మన భూకంప కోడ్, పై అంతస్తు బిగువులో 70 శాతం కూడా లేని అంతస్తును మెత్తని అంతస్తుగా లెక్కించి, అలాంటి చోట పిల్లర్లను, బీములను రెండున్నర రెట్లు ఎక్కువ ఒత్తిడికి డిజైను చేయమన్నది. 2016 సవరణ ఇంకా ముందుకు వెళ్లింది: పై అంతస్తు కంటే ఏ మాత్రం తక్కువ బిగువు ఉన్నా అది మెత్తని అంతస్తే, అక్కడ కాంక్రీటు గోడల వంటివి పెట్టి లోటు పూడ్చాలి అన్నది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే నా వాదన ఉంది. మొదటిది పిల్లర్లకు బలం పెంచమన్నది. రెండవది అంతస్తుల మధ్య బిగువు తేడానే సరిచేయమన్నది. ఆ 2016 పటంలో హైదరాబాదు, విశాఖపట్నం రెండో జోనులో ఉంటే విజయవాడ భూకంప ముప్పు అంతకంటే ఎక్కువైన మూడో జోనులో ఉంది. మా భవనం అంతకంటే పాతది.

మొదటి సూత్రానికి, అంటే బరువు బిగువైన చోటికి పోతుందన్న దానికి, మనం రోజూ చూసే ఉదాహరణ పాఠశాల వరండాల్లో ఉంటుంది. పిల్లర్ల మధ్య సగం ఎత్తు దాకా గోడ కట్టి, పైన కిటికీలకో గాలికో వదిలేస్తారు. గోడ పట్టుకున్నంత మేర పిల్లరు కదలలేదు కాబట్టి, కదలగలిగే పొడవు సగమే మిగులుతుంది. పొడవు సగమైతే బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. పక్కనే పూర్తి ఎత్తు ఉన్న పిల్లరు ఒక వంతు మోస్తుంటే, ఈ పొట్టి పిల్లరు ఎనిమిది వంతులు తన మీదికి లాక్కుంటుంది. రెండింటిలోనూ రాడ్లు, రింగులు ఒకటే. ఎక్కువ బిగువు ఉన్నందుకే అది ముందు పగులుతుంది. బిగువు ఉంటే భద్రత ఉన్నట్టేనని నమ్మేవారికి నేను మొదట చూపించేది ఈ వరండా పిల్లరునే.

మెడ ఎందుకు నొప్పి పెట్టింది

భుజం పట్టేయడాన్ని 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఫ్రోజెన్ షోల్డర్ అని పిలిచాడు. నిర్వచించడం, నయం చేయడం, వివరించడం మూడూ కష్టమని కూడా ఆయనే అన్నాడు. కీలును చుట్టి ఉండే సంచి లాంటి పొర మందమై, ముడుచుకుపోతుంది. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్యవారిలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. నాకు రెండూ వర్తిస్తాయి. మొదట చొక్కా తొడుక్కోవడం కష్టమైంది, తరువాత వెనక జేబులోని పర్సు అందలేదు, ఆ తరువాత నిద్ర పోయింది.

అయితే నేను డాక్టరు దగ్గరికి వెళ్లింది భుజం కోసం కాదు. మెడ నొప్పి కోసం వెళ్లాను. రెండు నెలల పాటు మెడకు లేపనాలు రాశాను, దిండు మార్చాను, మెడ ఎక్స్‌రే కూడా తీయించాను. చివరికి ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను అద్దం ముందు నిలబెట్టి, చొక్కా విప్పి రెండు చేతులూ పక్కలకు ఎత్తమంది. ఎత్తాను. ఆమె నా వెనక నిలబడి, ఎడమ రెక్క ఎముక మీద బొటనవేలు పెట్టి పట్టుకుంది. "సార్, ఇప్పుడు ఎత్తండి" అంది. చెయ్యి అరవై డిగ్రీల దగ్గర ఆగిపోయింది. "మీరు ఇన్నాళ్లూ చెయ్యి ఎత్తడం లేదు సార్, రెక్కను ఎత్తుతున్నారు" అంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతిని నిట్టనిలువుగా ఎత్తినప్పుడు, ఆ నూట ఎనభై డిగ్రీల్లో సుమారు నూట ఇరవై భుజం కీలులోనూ, అరవై రెక్క ఎముక వీపు మీద జరగడం వల్లనూ వస్తాయి. కీలు బిగుసుకుపోతే రెక్క తన వంతుకు మించి జరగాలి. దాన్ని పైకి లాగేవి మెడ నుంచి దిగే కండరాలు. ఒక గొలుసులో ఒక లంకె పట్టేస్తే కదలిక పక్క లంకె మీద పడుతుందని నేను ఇరవై ఏళ్లుగా ఇతరుల కట్టడాల్లో చూస్తూ, నివేదికల్లో రాస్తూ ఉన్నాను. నా మెడ విషయంలో నాకు తట్టలేదు.

అద్దం ముందు నిలబడి ఉండగానే నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక కాలువ వంతెన గుర్తొచ్చింది. కృష్ణా డెల్టాలో పాత ఉక్కు గర్డర్ల వంతెన అది. ఎండకు గర్డరు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ముప్పై మీటర్ల గర్డరుకు ముప్పై డిగ్రీల తేడా వస్తే ఆ సాగుడు 11 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ జరుగుబాటు కోసం ఒక చివర ఉక్కు రోలర్లు పెట్టారు. నేను వెళ్లేసరికి ఆ రోలర్లు తుప్పుతో, మట్టితో, పావురాల రెట్టతో ముద్దగా బిగుసుకుపోయి ఉన్నాయి. రోలరు తిరగకపోతే గర్డరు సాగడం మానుకోదు కదా; తన కింద ఉన్న రాతి దిమ్మను తోసేస్తుంది. దిమ్మ తలలో నిలువుగా పగులు. ఆ పగులును అప్పటికి రెండుసార్లు సిమెంటుతో పూడ్చారని, ప్రతి వేసవికీ మళ్లీ తెరుచుకుంటోందని అక్కడి లస్కరు చెప్పాడు. పగిలిన చోట తప్పేమీ లేదు. తప్పు మూడడుగుల పైన, కదలవలసినది కదలని చోట ఉంది. జాకీలతో గర్డరును లేపి, రోలర్లు తీసి, వాటి చోట రబ్బరు ప్యాడ్లు పెట్టాక ఆ పగులు మళ్లీ తెరుచుకోలేదు.

మెడకు రాసిన లేపనం, దిమ్మకు పూసిన సిమెంటు ఒకే రకం వైద్యం. నొప్పి ఉన్న చోటును అనుమానించడం మనకు అలవాటు, ఎందుకంటే నొప్పి అక్కడ ఉంది. కానీ నొప్పి పెట్టేది చాలాసార్లు తన పని తాను చేస్తూ, పక్కదాని పని కూడా నెత్తిన వేసుకున్నది.

బిగించినందుకు చెల్లించే మూల్యం

ఇంతవరకు చదివినవారు, అయితే అంతస్తులన్నీ బాగా బిగువుగా కట్టేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. నా సహోద్యోగి ఒకరు ఇదే వాదిస్తారు, ఆయన దగ్గర మంచి ఆధారమే ఉంది. చిలీ దేశంలో కాంక్రీటు గోడలు ఎక్కువగా పెట్టి కట్టే అలవాటు ఉంది. 1985లో అక్కడ వచ్చిన పెద్ద భూకంపంలో అలాంటి భవనాలు చాలా బాగా నిలబడ్డాయి. దీన్ని నేను కాదనలేను. కాకపోతే అక్కడి గోడలు పునాది నుంచి పై దాకా తెగకుండా వెళతాయి. ఎక్కువ బిగువు ఉండటం ఒక కారణమైతే, ఆ బిగువు మధ్యలో ఎక్కడా ఒక్కసారిగా పడిపోకపోవడం మరో కారణం. ఆ రెండో కారణమే పెద్దదని నా నమ్మకం.

అయినా బిగువుకు మూల్యం ఉంది. లాస్ ఏంజలెస్ సమీపంలోని ఆలివ్ వ్యూ ఆసుపత్రి కథ నాకు ఎప్పుడూ గుర్తుండిపోయేది. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేటప్పటికి అది కొత్తగా తెరిచిన భవనం. పై నాలుగు అంతస్తుల్లో కాంక్రీటు గోడలు, కింది రెండింటిలో పిల్లర్లు. పై భాగం దాదాపు చెక్కుచెదరలేదు. కింది భాగం అడుగుల లెక్కన పక్కకు ఒరిగిపోయింది. ఆ భవనాన్ని కూల్చేసి, అదే స్థలంలో ఈసారి గోడలతో అత్యంత బిగువుగా కొత్తది కట్టారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. కొత్త భవనం చట్రానికి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. కానీ అంత బిగువైన భవనం భూమి కుదుపును మింగకుండా పైకి పంపించింది. పైకప్పు దగ్గర కుదుపు భూమ్యాకర్షణకు రెండు రెట్లు మించింది. మంటలార్పే నీటి గొట్టాలు తెగి, అంతస్తులు నీళ్లతో నిండి, రోగులను బయటికి తరలించవలసి వచ్చింది. భవనం నిలిచింది, సరిగ్గా అవసరమైన రోజున ఆసుపత్రి పనిచేయలేదు.

ఎముకల వైద్యులు కూడా ఇదే దారిలో నడిచి వచ్చారు. 1958లో స్విట్జర్లాండులో మొదలైన ఏఓ అనే ఎముకల శస్త్రవైద్యుల బృందం, విరిగిన ఎముకను ప్లేట్లతో, స్క్రూలతో వెంట్రుకవాసి కూడా కదలకుండా బిగించే పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. కీలు లోపలికి పోయిన విరుగుళ్లకు అది ఇప్పటికీ అవసరం. కానీ పొడవాటి ఎముకల మధ్యభాగం విరిగినప్పుడు, కొంచెం కదలిక ఉంటేనే చుట్టూ కొత్త ఎముక గడ్డకట్టినట్టు పెరిగి త్వరగా అతుక్కుంటుందని తరువాత తేలింది. అతి బిగువైన ప్లేటు కింద ఎముక పల్చబడుతుంది. తుంటి మార్పిడిలోనూ ఇదే చిక్కు. టైటానియం ఎముక కంటే అయిదారు రెట్లు, స్టీలు పది రెట్లు బిగువు. పక్కపక్కన ఉన్నప్పుడు బరువు బిగువైన దాని మీదికి పోతుందన్నాం కదా. లోహం బరువంతా మోస్తుంటే పని లేని ఎముక క్షీణిస్తుంది. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మలచుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు.

మా నాన్నగారు సైకిలు మీద నుంచి పడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు నాకు పదేళ్లు. మోచేతి పైదాకా పిండికట్టు వేసి, మూడు నెలలు ఉంచారు. ఎముక చక్కగా అతికింది. మోచెయ్యి మాత్రం తరువాత ఎప్పుడూ పూర్తిగా మడత పడలేదు. మంచినీళ్ల చెంబు నోటిదాకా రాకపోతే ఆయన మెడ ముందుకు వంచి, చెంబుకు ఎదురెళ్లి తాగేవారు. భోజనం దగ్గర కూడా అంతే, ముద్ద దగ్గరికి నోరు వెళ్లేది. మాకు అది ఆయన అలవాటుగానే కనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, విరిగిన చోటును కదలకుండా ఉంచాలన్న సరైన ఆలోచన దాని పక్కనున్న కీలును కూడా కట్టులో కలిపేసింది. ఆ కదలికను ముప్పై ఏళ్ల పాటు ఆయన మెడ చెల్లించింది.

మెత్తదనాన్ని కావాలని పెట్టే చోటు

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఎదురుప్రశ్న భుజ్ నుంచే వస్తుంది. ఆ భూకంపంలో కూలిన జిల్లా ఆసుపత్రి చోట కట్టిన కొత్త భవనాన్ని సీసం, రబ్బరు కలిసిన బేరింగుల మీద నిలబెట్టారు. అంటే పైన బిగువైన భవనం, అడుగున అతి మెత్తని పొర. అహ్మదాబాదు అపార్ట్‌మెంట్లను కూల్చిన అమరిక కూడా చూడటానికి ఇదే కదా? కింద మెత్తన, పైన బిగువు. ఒకటి చంపుతుంది, మరొకటి కాపాడుతుంది. పక్కదానితో పోలిక ఒక్కటే సర్వస్వమైతే ఈ రెండూ ఒకేలా ప్రవర్తించాలి.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. 1994లో లాస్ ఏంజలెస్‌లోనే ఇలాంటి బేరింగుల మీద ఉన్న మరో ఆసుపత్రి ఆగకుండా పనిచేసిందన్న సంగతి తెలిసి కూడా, నా సూత్రంలో దానికి చోటెక్కడో తేల్చుకోలేకపోయాను. చివరికి తోచింది ఇది: తేడా మెత్తదనం ఎంత అన్నదానిలో లేదు. కదలిక వచ్చి పడే ఆ చోటు, కదలడానికే తయారైందా లేదా అన్నదానిలో ఉంది. రబ్బరు బేరింగు అడుగు దూరం దాకా పక్కకు జరిగి, బరువును వదలకుండా, తిరిగి తన చోటికి రాగలదు. దానిలోని సీసం ఆ కుదుపును వేడిగా మార్చి కరిగించేస్తుంది. పార్కింగు పిల్లరును ఎవరూ కదలడానికి తయారు చేయలేదు, మోయడానికి తయారు చేశారు. మన మోకాలిలో తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఉన్న మృదులాస్థి, నెలవంక ఆకారంలోని మెత్తలు కూడా అలాగే, ఒత్తిడికి లొంగి తేరుకోవడానికే పుట్టినవి. అందుచేత నా మాటను ఇలా సవరించుకున్నాను: కదలిక ఎక్కడికి వెళ్లాలో కట్టేవాడు ముందే నిర్ణయించి, ఆ చోటును దానికి తగ్గట్టుగా చేయాలి. నిర్ణయించకపోతే కదలిక తానే ఒక చోటు వెతుక్కుంటుంది.

పోలిక ఆగే చోటు

శరీరాన్నీ భవనాన్నీ ఇలా పక్కపక్కన పెట్టి మాట్లాడటంలో ప్రమాదం ఉందని నాకు తెలుసు. నేను వెళ్లే ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఆ రోజుల్లో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి వచ్చేది, కూచిపూడి నేర్చుకుంటోంది. ఆమె మోకాళ్లు నిటారుగా నిలబడితే వెనక్కి విల్లులా వంగుతాయి, బొటనవేలు ముంజేతిని తాకుతుంది. చూసేవాళ్లు అదృష్టం అంటారట. నిజానికి ఆమె కీళ్లను పట్టి ఉంచే స్నాయువులే వదులు. అరగంట సాధన చేస్తే మోకాలు వాస్తుంది. ఆకుపచ్చ రబ్బరు పట్టీ ఒకటి గోడ కొక్కేనికి వేలాడుతూ ఉండేది. దానితోనే ఆ అమ్మాయి తొడ కండరాలను బిగించడం నేర్చుకునేది, దానితోనే నేను భుజాన్ని సాగదీయడం నేర్చుకునేవాణ్ణి. స్నాయువు ఇవ్వలేని బిగువును కండరం అవసరమైన క్షణంలో ఇవ్వగలదు, మరుక్షణం వదిలేయగలదు.

ఏ భవనమూ అలా చేయలేదు. పరుగెత్తే మనిషి మెత్తని నేల మీద నుంచి గట్టి నేల మీదికి అడుగు పెట్టినప్పుడు, ఆ మొదటి అడుగులోనే కాలి బిగువును సర్దుకుంటాడని 1990లలో అమెరికాలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. మా పార్కింగు పిల్లరుకు పోసిన రోజున ఎంత బిగువు ఉందో దాదాపు అంతే ఉంటుంది, అది కూడా పగులు రానంత వరకు. పైగా భుజం పట్టేస్తే ఆ రాత్రే చెబుతుంది. మెత్తని అంతస్తు ఇరవై ఏళ్లు ఏమీ చెప్పదు. కార్లు వస్తాయి, పోతాయి, పిల్లలు ఆడుకుంటారు. ఈ తేడా పోలికను బలహీనపరుస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. నాకు వేరేగా అనిపిస్తుంది. తనంతట తాను సర్దుకోలేని దానికి, నొప్పి చెప్పుకోలేని దానికి ముందుగా ఆలోచించి పెట్టవలసిన బాధ్యత మరింత ఎక్కువ.

మళ్లీ పార్కింగులో

సంక్రాంతి దాటాక మా అపార్ట్‌మెంటు సంఘం సమావేశం ఆ పార్కింగులోనే ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని జరిగింది. నేను రెండు కాగితాల మీద బొమ్మలు గీసి తీసుకెళ్లాను. దుమ్ము రాకుండా కార్ల చుట్టూ పిల్లర్ల మధ్య నాలుగడుగుల గోడ కట్టాలన్న ప్రతిపాదన అప్పటికే ఉంది. అది పిల్లర్లను పొట్టివిగా మారుస్తుందని చెప్పి, పాఠశాల వరండా సంగతి వివరించాను. దాన్ని వదులుకున్నారు. తరువాత అసలు విషయం: రెండు దిక్కులా, భవనం ఒక పక్కకు మెలి తిరగకుండా ఎదురెదురుగా, కొన్ని పిల్లర్ల మధ్య పునాది నుంచి కాంక్రీటు గోడలు లేపాలి. వేరొక ఇంజినీరు చేత లెక్క సరిచూయించుకోవాలని కూడా చెప్పాను. దానికి మూడు కార్ల చోటు పోతుంది.

ఖర్చు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మూడు చోట్లు ఎవరివి అన్న దగ్గర మాటలు ఆగిపోయాయి. రెండో అంతస్తు పెద్దాయన నా బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఆ గోడ మొదటి అంతస్తు దాకా వస్తే చాలా, పైదాకా వెళ్లాలా?" అని అడిగారు. పైన ఇటుక గోడలు ఉన్నాయి కాబట్టి, లోటు ఉన్నది కిందే కాబట్టి, ముందు ఇక్కడిదాకా చాలవచ్చని, లెక్క సరిచూశాక ఖాయంగా చెబుతానని అన్నాను. ఆయన తల ఊపి, కార్యదర్శి వైపు తిరిగి, తన పార్కింగు నంబరు చెప్పి రాసుకోమన్నారు. కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో ఒకటి, రెండు, మూడు అని వరుసగా అంకెలు వేసి, మొదటి అంకె ఎదురుగా ఆ నంబరు రాశాడు. మిగిలిన రెండు అంకెల ఎదురుగా ఇంకా ఖాళీగానే ఉంది.